నాన్న క్యాసెట్లు దాచుకోవాలా, చందా కట్టి పాటలు వింటే చాలదా?

అటకమీదిపెట్టె:
రాజమండ్రిలో మా ఇల్లు అమ్మేశాం. వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. అటక మీద నాన్న దాచిన క్యాసెట్లు మూడు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. నిన్న లెక్కపెడితే 340 తేలాయి. ఎక్కువభాగం సినిమా పాటలు, ఎ-వైపు ఒక సినిమా, బి-వైపు ఇంకో సినిమా. ఘంటసాల భగవద్గీత రెండు సెట్లు. రంగస్థల నటులు పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలు. ఒక పెట్టెలో మాత్రం నాన్న ఖాళీ క్యాసెట్లు కొని, రేడియో పక్కన టేపురికార్డరు పెట్టి పట్టుకున్నవి దాదాపు 90 ఉన్నాయి.

హైదరాబాదులో మాది రెండు పడకగదుల ఫ్లాటు. "ఫోనులో అన్నీ ఉండగా ఈ బూజంతా మోసుకొస్తారా?" అని మా ఆవిడ. "ఒక్కటీ పారేయకు" అని అమెరికా నుంచి మా అన్నయ్య. ఆయన మాత్రం ఒక్కటీ తీసుకెళ్లడు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒక యాప్‌కు ఇప్పటికే చందా కడుతున్నాం.

అది చాలదా? పాటలు సొంతానికి దాచుకోవడంలో ఇంకా అర్థం ఉందా? ఎత్తిపొడవండి, ఫర్వాలేదు. "ఆ రోజులే వేరు" అని మాత్రం రాయకండి. అది మా ఇంట్లో రోజూ వింటున్నాను.

చందాదారు:
మీ ఆవిడకే నా ఓటు. క్యాసెట్ మీద ఇంత మమకారం ఎందుకో నాకు అర్థం కాదు. టేపు బయటికొస్తే పెన్సిలు పెట్టి తిప్పుకున్నాం. ఎండలో వదిలేస్తే గాయకుడి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినబడేది. నిజామాబాదులో మా వీధి చివర రికార్డింగ్ సెంటరు ఉండేది. పాటల చిట్టా రాసిస్తే నాలుగు రోజులకు సి-90, అంటే తొంభై నిమిషాల క్యాసెట్, నింపి ఇచ్చేవాడు. నేనడిగిన వాటిలో నాలుగైదు దొరకలేదని వాటి బదులు తనకు నచ్చినవి వేసేవాడు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకునేవాడు.

పోయిన వారం ఒక ఇళయరాజా పాట తెలుగులో వింటూ, అదే బాణీ తమిళంలో ఎలా మొదలైందో వెతికాను. పది నిమిషాల్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. 1992లో ఈ పని చేయాలంటే మద్రాసు రైలెక్కాలి. 2019లో స్పాటిఫై మన దేశంలోకి వచ్చినప్పుడు నెలకు 119 రూపాయలు. ఇప్పుడు ఎంతైనా కానివ్వండి, మంచి సినిమా హాల్లో ఒక టికెట్టూ పాప్‌కార్నూ ఇంతకంటే ఎక్కువే.

పాతరేడియో:
టికెట్టు లెక్క బాగానే ఉంది బాబూ, ఈ యాప్‌లు ఎన్నాళ్లుంటాయో కూడా చూడు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూశారు. గానా 2022లో ఉచితంగా వినే వీలు తీసేసింది. రెస్సో 2024 జనవరిలో పోయింది. ఎయిర్‌టెల్ వాళ్ల వింక్‌ను మూస్తున్నట్టు అదే ఏడాది చెప్పారు. వాటిలో జనం ఏళ్ల తరబడి పేర్చుకున్న చిట్టాలు ఏమయ్యాయంటావు?

యాప్ నడుస్తున్నా పాట ఉంటుందని లేదు. పాత తెలుగు సినిమా పాటల్లో చాలావాటికి హెచ్ఎంవీ రికార్డులే మూలం. ఆ హక్కులు ఇప్పుడు సరిగమ కంపెనీవి. 2019లో స్పాటిఫై వచ్చిన కొద్ది నెలలకే తగవు ఢిల్లీ హైకోర్టుకెక్కి సరిగమ పాటలన్నీ తీసేయాల్సి వచ్చింది. 2020లో ఒప్పందం కుదిరితే గానీ తిరిగి రాలేదు. అన్నాళ్లూ ఆ యాప్‌కు చందా కట్టినవాడికి ఘంటసాల కావాలంటే ఎక్కడికి పోవాలి?

ఇదే దేశంలో ఇంకో దుకాణం కూడా తెరిచి మూశారు. ఫ్లిప్‌కార్ట్ వాళ్లు 2012లో ఫ్లైట్ అనే పేరుతో ఎంపీ3 పాటలు విడిగా అమ్మారు. 2013 జూన్‌లో మూసేశారు. కానీ అక్కడ కొన్నవాడి కంప్యూటర్‌లోకి ఫైలే దిగేది. దింపుకున్నవాడి పాట ఇవాళ్టికీ మోగుతుంది. తేడా అంతా ఆ ఫైలులో ఉంది.

చందాదారు:
బాబు కాదండీ, నాకు నలభై ఆరేళ్లు. మా అమ్మాయి ఇంజినీరింగు చదువుతోంది.

మీరు చెప్పిన మూతలన్నీ నిజమే. అయితే ఏమైంది? ఒక దుకాణం మూస్తే పక్క దుకాణానికి వెళ్లాను. పాటలు అక్కడా ఉన్నాయి. చిట్టా మళ్లీ కట్టుకోవడానికి ఒక ఆదివారం పట్టింది.

సొంతంగా దాచుకున్నవి ఎంత భద్రమో కూడా చెప్పుకుందాం. మా పెదనాన్నగారిది కర్నూలు. గ్రామఫోను రికార్డులు బీరువా నిండా ఉండేవి. ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. 2009 అక్టోబరు వరదలో ఆ బీరువా రెండు రోజులు నీళ్లలో ఉంది. అట్టలన్నీ ముద్దయ్యాయి, రికార్డుల గాడుల్లో ఒండ్రు గట్టిపడిపోయింది. ఆయన ఒక్కొక్కటీ పంపు కింద పెట్టి కడగడం నేను చూశాను. కడిగినవి మళ్లీ మోగించి చూసే ధైర్యం మాత్రం చేయలేదు.

కాకినాడకాజా:
వరదలు అక్కర్లేదు, మా సముద్రపు గాలి చాలు. మా ఇంట్లో సగం క్యాసెట్లకు టేపు అంచున తెల్లటి పొడిలాంటి బూజు పట్టింది. అలాంటిది డెక్కులో పెడితే టేపును చదివే హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టినవాటికీ పాకుతుంది. అటక గారూ, ముందు ప్రతి క్యాసెట్‌నూ కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. బూజున్నవి వేరే సంచిలో వేసి పెట్టండి. చర్చ తర్వాత చేసుకోవచ్చు.

శ్రుతిపెట్టె:
మీరంతా 340 క్యాసెట్లనూ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు. నాకు అర్థం కానిది అదే.

కంపెనీలు అచ్చువేసి అమ్మిన సినిమా క్యాసెట్ వేల ఇళ్లలో ఉంది, యాప్‌లోనూ ఉంది. అది పోతే మీ నాన్నగారి గుర్తు ఒకటి పోతుంది, పాటకు వచ్చిన లోటేమీ లేదు. మోయలేకపోతే వదిలేయండి, నేనేమీ అనను. ఆ 90 అలాంటివి కావు.

మాది విజయవాడ. వీణ నేర్పుతాను. కర్ణాటక సంగీత విద్వాంసులు ఓలేటి వెంకటేశ్వర్లు గారి ఉదాహరణే తీసుకోండి. ఆయన జీవితమంతా విజయవాడ ఆకాశవాణి ఉద్యోగంతో గడిచింది. రేడియోలో ఆయన చెప్పిన సంగీత శిక్షణ పాఠాలు విని కృతులు నేర్చుకున్నవాళ్లు మా ముందు తరంలో ఇంటికొకరు. బజారులో క్యాసెట్లుగా వచ్చింది బహు స్వల్పం. ఆయన పాట ఇవాళ రసికుల మధ్య తిరుగుతోందంటే, ఎక్కువభాగం ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని రేడియో నుంచి పట్టుకోవడం వల్లనే. టేపుల కొరత ఉన్న రోజుల్లో పాతవి చెరిపి వాటి మీదే మళ్లీ రికార్డు చేసేవారని రేడియోలో పనిచేసినవాళ్లే చెప్పగా విన్నాను. అంటే కొన్ని కచేరీలకు రేడియో దగ్గరే ప్రతి లేదు, మీ అటక మీద ఉండే అవకాశం ఉంది.

ఇక యాప్‌లో వెతకడం ఎంత చక్కగా ఉంటుందో చూడండి. ఓలేటి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో 'వి'తో మొదలుపెట్టి ఒకసారి, 'ఓ'తో మొదలుపెట్టి ఇంకోసారి కొట్టాలి. రెండింటికీ వచ్చే జవాబులు వేరు. పక్కవాద్యం ఎవరిదో ఉండదు, రాగం పేరు తప్పు, ఏ ఊరో ఏ సంవత్సరమో అసలే ఉండవు. ఒక యాప్‌లో ఘంటసాల పాట నొక్కితే ఎవరో కుర్రవాడు కీబోర్డు మీద తిరిగి పాడింది వచ్చింది, పైన బొమ్మ మాత్రం ఘంటసాలదే.

మీ నాన్నగారు అట్ట మీద ఏమైనా రాశారా?

అటకమీదిపెట్టె:
రాశారు. ప్రతిదాని మీదా ఉంది. ఇప్పుడే ఒకటి తీసి చూస్తున్నాను, నీలం సిరాతో ఇలా ఉంది: "ఎ - భక్తిరంజని, 12-3-86 నుంచి నాలుగు రోజులు. బి - ఓలేటి, తోడి. మధ్యలో కరెంటు పోయింది. తని ఆవర్తనం లేదు." (అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం.) ఇంకొకదాని మీద "వాడకూడదు, అన్నయ్య పరీక్షలు అయ్యేదాకా" అని ఉంది. ఎందుకో మా అన్నయ్యను అడగాలి.

శ్రుతిపెట్టె:
తోడి రాగం! ఆ క్యాసెట్ దగ్గర పిల్లలను కూడా కూర్చోనివ్వకండి.

లెక్కలమాస్టారు:
కొంచెం అంకెలు వేద్దాం. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వీడియో కాపీ చేసినట్టు కాదు, గంట టేపుకు గంటా పడుతుంది. 340 క్యాసెట్లూ గంట నిడివి సి-60లే అనుకున్నా 340 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చున్నా 170 రోజులు. ఉద్యోగం చేసుకునే మనిషి ఇది పూర్తిచేస్తాడని నేను నమ్మను. ఆ 90 అయితే రోజుకొకటి చొప్పున మూడు నెలలు.

స్థలం అసలు సమస్యే కాదు. సీడీ ప్రమాణంలో, అంటే స్టీరియోలో సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్ల చొప్పున తీసుకుంటే గంటకు సుమారు 600 ఎంబీ. తొంభై గంటలకు 54 జీబీ. దాన్ని ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే నాణ్యత పోకుండా దాదాపు సగానికి దిగుతుంది. మూడు పెట్టెల బరువులో మీకు కావాల్సింది చిటికెన వేలంత పెన్‌డ్రైవులోకి వస్తుంది. ఒక్కదానిలో పెట్టి ఊరుకోకండి. ఒకటి మీ దగ్గర, ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి "ఒక్కటీ పారేయకు" అన్న మీ అన్నగారికి పంపండి. అంత మమకారం ఉంటే ఆ మాత్రం మోయాలి.

చందా లెక్కా చెబుతాను. పాత రేటు 119తోనే వేసినా ఏడాదికి 1,428, పదేళ్లకు 14,280. కట్టడం ఆపిన మర్నాడు చేతిలో మిగిలేది సున్నా. అయినా నేనూ కడుతున్నాను. మా మనవరాలికి కావాల్సిన పాటలు రోజుకు పది మారుతాయి, అవన్నీ కొని దాచేటంత పిచ్చి నాకు లేదు.

చందాదారు:
సరే, ఆ 90 గురించి ఒప్పుకున్నాను. శ్రుతిపెట్టె గారు చెప్పాక ఇంకా వాదిస్తే మొండితనం అవుతుంది. మిగతా 250 విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

"సొంత సంగ్రహం" అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో డబ్బిచ్చి సక్రమంగా కొన్నది ఎంత? కోఠి ఫుట్‌పాత్ మీద 150 పాటల ఎంపీ3 సీడీలు కొన్నవాళ్లే ఇప్పుడు కళాకారుల గురించి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. అందులో పాట రాసినవాడికి ఒక్క పైసా వెళ్లిందా? అసలు క్యాసెట్ కొన్నా, ఆ రోజుల్లో నిర్మాత ఒకసారి డబ్బిచ్చి హక్కులన్నీ రాయించుకునేవాడు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, సినిమాకు రాసిన పాటైనా సరే, థియేటరు బయట దాన్ని వాడుకుంటే రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ వాటా ఇవ్వాలి. దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. యాప్‌లో ప్రతి వినికిడికీ లెక్క ఉంటుంది. రికార్డింగ్ సెంటరువాడి దగ్గర ఏ లెక్క ఉంది?

పాతరేడియో:
బాబూ అన్నందుకు మన్నించండి. ఫుట్‌పాత్ మాట నాకు తగిలింది. ఆ సీడీలు నా దగ్గర ఇంకా ఓ ముప్పై ఉన్నాయి.

అయితే లెక్క ఉండటం వేరు, డబ్బు చేరడం వేరు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినని పాటకు రికార్డింగు రాయల్టీ ఇవ్వడం లేదు. సినిమా పాటకు వెయ్యి అంటే ఒక గంట పని. హరికథకో, బుర్రకథకో, పద్యనాటకానికో ఏడాదికి వెయ్యి వినికిడులు ఎక్కడి నుంచి వస్తాయి? వాటిని తిరునాళ్లలో క్యాసెట్లుగా అమ్మినప్పుడు కనీసం అమ్మినవాడికైనా గిట్టేది. పీసపాటి, షణ్ముఖి పద్యాలు కూడా ఆ 90తో కలపమని అటక గారికి నా మనవి. అచ్చువేసినవే అయినా, యాప్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ వెతికి చూసి, లేనివి పక్కన పెట్టండి.

చందాదారు:
ఇది సబబుగా ఉంది. వెతికే పని నాకు కొంత ఇవ్వండి. అట్టల ఫొటోలు పెడితే రాత్రి పూట చూసి చెబుతాను. చందా ఎలాగూ కడుతున్నానుగా.

అటకమీదిపెట్టె:
చాలా సంతోషమండీ. రెండు సందేహాలు. సొంత క్యాసెట్‌ను ఇలా కంప్యూటర్‌లోకి ఎక్కించడం తప్పా? ఎక్కించాక యూట్యూబ్‌లో పెట్టవచ్చా?

లెక్కలమాస్టారు:
నేను వకీలును కాను. నాకు తెలిసినంతలో వ్యక్తిగత వినియోగానికి సబబైన మేరకు వాడుకోవడానికి చట్టంలోని 52వ సెక్షను వీలిస్తుంది. 2012 సవరణతో అది సౌండ్ రికార్డింగులకూ వర్తిస్తుంది. ఇంట్లో వినడానికైతే నిశ్చింతగా చేసుకోండి. అందరికీ వినిపించేలా పెట్టడం వేరే సంగతి.

పాతదైతే చాలు ఎవరిదీ కాదనుకోవద్దు. 1957 నాటి మాయాబజార్ సంగతి చూడండి. రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు, అది 2017తో తీరింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. సాహిత్యం మీద హక్కు రచయిత పోయాక ఇంకో 60 ఏళ్లు, అంటే 2031 చివరిదాకా ఉంటుంది. ఒక్క పాటలో ఇన్ని ముడులు.

అటకమీదిపెట్టె:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. సినిమా క్యాసెట్లలో పన్నెండు ఉంచుకున్నాను, కారణం అడగకండి. మిగతావి మా వీధిలో ఒక ఆటోడ్రైవరు సంతోషంగా పట్టుకెళ్లాడు. ఆయన బండిలో ఇంకా క్యాసెట్ ప్లేయరే ఉందట. పద్యాల్లో యాప్‌లో లేనివి చందాదారు గారు పదకొండు తేల్చారు. రేడియో క్యాసెట్ల పెట్టె నాతోపాటు హైదరాబాదు వచ్చింది, మంచం కింద ఉంది. ఎవరూ ఏమీ అనడం లేదు.

తోడి విన్నాను. ఆలాపన మొదలైన కాసేపటికి మా వంటింటి కుక్కరు మూడు విజిళ్లు వేసింది, 1986లో. నాన్న టేపురికార్డరును వసారాలో పెట్టుకుని ఉండాల్సింది. శ్రుతిపెట్టె గారూ, ఆ విజిళ్లు తీసేసే సాఫ్ట్‌వేర్ ఉందంటున్నారు, తీసేయను.

కష్టం ఏమిటంటే పాట నడక తూలుతోంది, శ్రుతి కిందికి జారుతోంది. డెక్కు విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుని ఉంది. కొత్తది ఎక్కడ దొరుకుతుంది? పాతది కరిగిపోయింది కాబట్టి కొలత ఎలా తీయాలి?

కాకినాడకాజా:
ముందు ఆ తారును స్పిరిట్‌లో ముంచిన దూదితో పూర్తిగా తుడవండి. చేతికంటితే మూడు రోజులు వదలదు. తర్వాత బెల్టు తిరిగే దారిలోనే రెండు చక్రాల చుట్టూ కుట్టు దారం బిగుతుగా చుట్టి, కత్తిరించి, పొడవు కొలవండి. బెల్టు దానికంటే కొద్దిగా పొట్టిగా ఉండాలి, లేకపోతే జారుతుంది. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి అడగండి. ఆ దారం ముక్క జేబులో పెట్టుకెళ్లండి. చక్రం గాడి చదునుగా ఉందో గుండ్రంగా ఉందో ఫోనులో ఒక ఫొటో కూడా తీసుకోండి, మొదట అడిగేది అదే.