సమస్య: తలుపు కాచువాఁడు దర్శకుండు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది పద్యం, పై పాదంతోనే ముగించాలి. సినిమావాళ్లు కోపగించుకోకూడదు.

గంపెడు కందాలు:
సీను తీయు వేళ సెట్టులో నెవరిదో
ఫోను మోగె ననుచుఁ బోయె నలిగి
బయట నిలిచి ఫోన్లు పట్టుచుండెను నేఁడు
తలుపు కాచువాఁడు దర్శకుండు

పాత పంతులు: యతులకు వంక లేదు. కానీ అలిగినవాడు ఫోన్లెందుకు పడతాడండీ, కారెక్కి ఇంటికి పోతాడు! ‘పోయె లేచి’ అంటే సరి.

గోదారి పిల్ల:
కాలుఁడేగుదేర గడపను గాచెను
రాము తమ్ముఁడచట, రాఁగ మౌని
యన్నకెఱుక పఱచి యతనినిఁ జూపించె
తలుపు కాచువాఁడు దర్శకుండు

పాత పంతులు: ఎత్తుగడ బాగుందమ్మా. ‘అన్నకు’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగి ఉన్న మాట, కాబట్టి ‘అన్నకెఱుక’ కుదరదు. ‘అన్నఁ జేరి తెలిపి’ అను, గణాలు చెడవు. అసలు చిక్కు కథలో ఉంది. రామాయణం ఉత్తరకాండలో లక్ష్మణుడు ఆ మౌనిని, అంటే దూర్వాసుణ్ణి, లోపలికి తీసుకెళ్లలేదు. కాలుణ్ణి పంపేసి రాముడే బయటికొచ్చాడు. మరి చూపించిందెక్కడ?

గోదారి పిల్ల: నిజమే గురువుగారూ, తొందరపడ్డాను. లక్ష్మణుణ్ణి ప్రతీహారుడు, అంటే ద్వారపాలకుడు, అంటే సరిపోయేదేమో?

పాత పంతులు: భేషుగ్గా! ఆ మాటలో ఉన్నదే వెనక్కి నెట్టడం, ఆపడం. ప్రతీహార రాజులు తమ పేరుకు లక్ష్మణుణ్ణే మూలం చేసుకున్నారు. వారిలో బౌకుడనే రాజు జోధ్‌పూర్ శాసనం (క్రీ.శ. 837) అన్నగారి వాకిలి కాశాడు కాబట్టి అంటుంది. వారిలోనే మిహిర భోజుడి గ్వాలియర్ ప్రశస్తి, అంటే పొగడ్త శాసనం, మాత్రం శత్రువుల్ని వెనక్కి కొట్టాడు కాబట్టి అంటుంది. సామ్రాజ్యం పెరిగాక వాకిలి కాపలా చిన్నతనమనిపించిందేమో, నా అనుమానం!

గంపెడు కందాలు: అయితే దర్శకుడు ఎక్కణ్ణించి వచ్చాడు?

అమరం అప్పారావు: అమరంలోంచే, అంటే అమరకోశమనే సంస్కృత నిఘంటువులోంచి. ‘ప్రతీహారో ద్వారపాల ద్వాస్థ ద్వాస్థిత దర్శకాః’. ఆపేవాడూ, చూపేవాడూ ఒకే వరసలో ఉన్నారు. వచ్చినవాణ్ణి వాకిట్లో నిలబెట్టి, వేళ చూసి, వెంటబెట్టుకెళ్లి రాజుకు చూపించేవాడు దర్శకుడు. నా పూరణ:

రాజు కొలువు తీర రాఁబోవు వారల
పేరు చెప్పి దొరకుఁ బిలిచి చూపు
నమరకోశమందు నతనికే పేరది
తలుపు కాచువాఁడు దర్శకుండు

పాత పంతులు: మూడో పాదం పద్యం కన్నా నిఘంటువులా ఉంది. అయినా సమస్య విడిపోయింది, మార్కులు ఇచ్చేశాను.

గోదారి పిల్ల: ఆడవాళ్లు ఉండేవారు కాదా ఈ ఉద్యోగంలో?

అమరం అప్పారావు: ఎందుకు లేరు? శాకుంతలంలో దుష్యంతుడి ప్రతీహారి పేరే వేత్రవతి, అంటే చేత బెత్తం పట్టినది. మన బెత్తం ఆ వేత్రమే.

నిర్వాహకుడు: వచ్చే వారం పాదంలో బెత్తం ఉంటుంది. కందంలో ఇస్తాను, ప్రాస చూసుకోండి.