ఎయిర్ కెనడా ఉత్తరం: ఐస్ హాకీ దెబ్బల్లో స్పాన్సర్ మాట చెల్లుతుందా?

చలిపులి:
మా బావమరిదికీ నాకూ ఈ వాదన తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2011 మార్చి 8, మాంట్రియల్ బెల్ సెంటర్. బోస్టన్ జట్టు కెప్టెన్ జ్డెనో చారా ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. మాంట్రియల్ జట్టు కుర్రాడు మాక్స్ పాచియొరెట్టీ పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళని) ముందుకు తోసి బెంచీల పక్కగా దూసుకుపోతుంటే, చారా అతన్ని ఐస్ చుట్టూ ఉండే గోడ వైపు నెట్టాడు. సరిగ్గా అక్కడే అద్దం మొదలయ్యే స్తంభం. దానికి మెత్త చుట్టి ఉన్నా తల బలంగా తగిలింది. మెడ దగ్గర వెన్నుపూస విరిగింది, కంకషన్ కూడా, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం. చారాని ఆ మ్యాచ్ నుంచి పంపేశారు గానీ, ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఒక్క రోజు కూడా సస్పెండ్ చేయలేదు. రెండ్రోజులు తిరక్కుండా, కఠిన చర్యలు లేకపోతే స్పాన్సర్‌షిప్ మానుకుంటామని ఎయిర్ కెనడా నుంచి కమిషనర్ గ్యారీ బెట్‌మన్‌కి ఉత్తరం వెళ్ళింది. విమానాలు నడుపుకునేవాళ్ళకి ఆట రూల్స్‌తో ఏం పని అని నా ప్రశ్న.

గోలీ గోపాలం:
పని ఉందా లేదా తర్వాత, ముందు ఏం జరిగిందో చూడండి. మీకు ఇష్టం లేకపోతే మానుకోండి, మా జట్లు కూడా వేరే విమానాలు చూసుకోగలవు అన్న ధోరణిలో బెట్‌మన్ జవాబిచ్చాడు. ఎయిర్ కెనడా ఎక్కడికీ పోలేదు. టొరంటో అరీనా మీద దాని పేరు 2018 దాకా అలాగే వెలిగింది. చారా అయితే అదే ఏడాది జూన్‌లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. ఉత్తరం రాసినవాడు ఉత్తరకుమారుడయ్యాడు, అంతే.

ఒట్టావా కోడలు:
గోపాలం గారూ, మరీ తీసిపారేయకండి. ఆ వారమంతా కెనడాలో ఇదే గోల. రైళ్ళు నడిపే వియా రైల్ కూడా గొంతు కలిపింది. లీగ్‌లో పెద్ద స్టార్ సిడ్నీ క్రాస్బీ జనవరి నుంచి కంకషన్‌తో ఇంట్లో కూర్చున్నాడు. ఆ మార్చిలోనే జట్ల జనరల్ మేనేజర్లు ఫ్లోరిడాలో కూర్చుని, కంకషన్ అనుమానం వస్తే ఆటగాణ్ణి బెంచీ నుంచి లేపి నిశ్శబ్దంగా ఉన్న గదిలో డాక్టర్‌కి చూపించాలన్నారు. తర్వాతి సీజన్‌కి ఆ స్తంభాల దగ్గర వంపు తిరిగిన అద్దాలు వచ్చాయి.

గోలీ గోపాలం:
అమ్మా, అవి ఉత్తరం వల్ల వచ్చాయనడం కాకి వాలితే తాటిపండు పడిందన్నట్టు ఉంది. తలకు గురిపెట్టే దెబ్బల మీద రూల్ 48 అంతకు ముందు 2010లోనే వచ్చింది, బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్‌కి తగిలిన దెబ్బ తర్వాత. క్రాస్బీ లేకపోతే టీవీ చూసేవాళ్ళు తగ్గుతారు. లీగ్‌ని కదిలించింది ఆ భయం.

ఒట్టావా కోడలు:
ఆ భయం కూడా డబ్బు భయమేగా! మరి బీరు కంపెనీల సంగతేంటి? ఆ దెబ్బకు కొన్ని వారాల ముందే మోల్సన్ కూర్స్ లీగ్‌తో ఏడేళ్ళ ఒప్పందం చేసుకుంది. మాంట్రియల్ జట్టు యజమాని జెఫ్ మోల్సన్ ఆ కుటుంబం మనిషే. అభిమానులకు బాధగా బహిరంగ లేఖ రాశాడు, ఒప్పందం మాత్రం అలాగే సాగింది.

బ్రాంప్టన్ అమ్మ:
నేను రూల్స్ తెలిసినదాన్ని కాదు. శనివారం పొద్దున్నే ఆరింటికి రింక్‌లో మోకాళ్ళ మీద కూర్చుని మావాడి స్కేట్ లేసులు బిగిస్తుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. వాడి జెర్సీ మీద టిమ్ హార్టన్స్ కాఫీ కంపెనీ వాళ్ళ టింబిట్స్ అని ఇంత పెద్ద అక్షరాలు. నా బిడ్డ గుండె మీద పేరు వేసుకున్న కంపెనీని అడిగే హక్కు నాకుంది, లీగ్‌ని అడిగే హక్కు ఆ కంపెనీకి ఉంది.

ఇంకోటి, 2022 గుర్తుందా? 2018 జూనియర్ ఆటగాళ్ళ మీద లైంగిక దాడి ఆరోపణల కేసును, దేశంలో హాకీని నడిపే సంస్థ హాకీ కెనడా గుట్టుగా సెటిల్ చేసింది. మేం కట్టే రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచి ఇలాంటి కేసుల కోసం కూడబెట్టిన నిధి ఒకటుందని బయటపడింది. టిమ్ హార్టన్స్, స్కోషియాబ్యాంక్ లాంటివి స్పాన్సర్‌షిప్ నుంచి వెనక్కి తగ్గాయి, కెనడియన్ టైర్ పూర్తిగా తెగతెంపులు చేసుకుంది. అక్టోబర్‌లో హాకీ కెనడా పాలక బోర్డు మొత్తం దిగిపోయింది.

చలిపులి:
అది ఐస్ మీద దెబ్బ కాదు కదండీ. పైగా అప్పుడు ప్రభుత్వం కూడా నిధులు ఆపింది, క్యుబెక్ రాష్ట్ర సంఘం హాకీ క్యుబెక్ కూడా డబ్బు పంపనంది. ఆ ఆటగాళ్ళు ఐదుగురినీ 2025లో కోర్టు నిర్దోషులంది.

బ్రాంప్టన్ అమ్మ:
ఒప్పుకుంటాను. కోర్టు తీర్పు ఆటగాళ్ళ గురించి, బోర్డు దిగింది మా ఫీజులు దాచినందుకు. ఒక్క కంపెనీ ఉత్తరం రాస్తే బెట్‌మన్ ఎగతాళి చేశాడు, అందరూ కలిసి చెక్కులు ఆపితే బోర్డు మిగల్లేదు. మీ బావమరిదిది ఏ పక్షమో చెప్పనేలేదు?

చలిపులి:
వాడిది మీ పక్షమే. అందుకే ఇంకా తేలలేదు.