ఇనుము కోసే చవక గ్రైండర్ కొనొచ్చా, లేక పెద్ద కంపెనీదే తీసుకోవాలా?

పర్లాకిమిడి గ్రిల్స్ షాపు
మాది పర్లాకిమిడిలో గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షాపు. పెద్ద కంపెనీ నాలుగంగుళాల గ్రైండర్ ఒకటి ఆరేళ్లు వాడాను, కార్బన్లు (మోటారుకి కరెంటు అందించే, అరిగిపోయే ముక్కలు), ఒకసారి బేరింగ్ మార్చడం తప్ప వేరే ఖర్చు లేదు. పోయినేడు అదే కంపెనీది కొత్తది తెస్తే ఎనిమిది నెలలకే ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, కాలిపోయింది. మా కుర్రాడు నేర్చుకుంటాడని 1,300 పెట్టి కొన్న పేరు తెలియని గ్రైండర్ మాత్రం ఇంకా తిరుగుతోంది! మూడూ విప్పి బల్ల మీద పెట్టాను. పాతదాని వైండింగ్ (చుట్టిన తీగ) మీద వార్నిష్ బెల్లంపాకంలా గట్టిగా పట్టుకుని ఉంది, కొత్తదాంట్లో గోటితో నెడితే తీగ కదులుతోంది. ఇప్పుడు ఇంకో రెండు కొనాలి. ఏం చేయమంటారు?

గుణుపురం మోటార్ వైండింగ్
అన్నా, కంపెనీ పేరు చూసి కొనే రోజులు పోయాయి, మోడల్ చూసి కొనాలి. చవక సరుకుతో పోటీపడ్డానికి పెద్ద కంపెనీలు కూడా తక్కువ రేటు మోడళ్లు దింపాయి, రోజంతా నడిపే పనికి చేసినవి కావవి. మీరు తెచ్చింది అలాంటిదే అయ్యుంటుంది. చవక వాటిలో మోటార్లు మునుపటికంటే చాలా మెరుగయ్యాయి, నా బల్ల మీదికి వచ్చేవి చూసే చెప్తున్నాను. కాకపోతే ఒకే పెట్టెలో వచ్చిన రెండు ఒకలా ఉండవు. ఒకదాంట్లో రాగి తీగ, ఇంకోదాంట్లో రాగి పూత వేసిన అల్యూమినియం. తీగ కొనను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది తొందరగా వేడెక్కుతుంది, టంకం కూడా సరిగ్గా పట్టదు.

రాయగడ వడ్రంగి
బ్యాటరీ డ్రిల్లుల సంగతి కూడా చెప్తాను, అక్కడ మోసపోయేవాళ్లు ఎక్కువ. బ్యాటరీ లోపలి సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు, అయిదు వరసగా కలిపితే 18. పూర్తిగా చార్జయితే ఒక్కోటి 4.2 చూపిస్తుంది, అంటే 21. కాబట్టి మకిటా, బాష్ లాంటి పెద్ద కంపెనీల 18 వోల్టుల డ్రిల్లూ, సంతలో 21 అని అమ్మేదీ వోల్టుల్లో ఒకటే. 48, 88 అని రాసినవి కూడా చాలావరకు విప్పితే అదే వరస. కార్బన్లు అక్కర్లేని బ్రష్‌లెస్ మోటారు ఇప్పుడు తక్కువ ధరలోనూ దొరుకుతోంది, అది నిజంగా మంచి మార్పు. తేడా అంతా సెల్స్‌లోనూ, బిట్‌ని పట్టుకునే చక్‌లోనూ ఉంది. సన్న బిట్ పెట్టి తిప్పి చూడండి, కొన వణికితే తలుపుకి కీలు బెజ్జాలు తిన్నగా రావు.

బరంపురం ఫ్యాబ్రికేషన్
గ్రైండర్ ఏదైనా కొనండి గానీ కటింగ్ వీల్ దగ్గర మాత్రం పది రూపాయలు మిగుల్చుకోవద్దు తమ్ముడూ, చేతులెత్తి చెప్తున్నాను. గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. మంచి నాలుగంగుళాల వీల్ మీద అది తట్టుకునే వేగం 15,000 పైనే రాసి ఉంటుంది, అంత తేడా ఉండాలి. మధ్యలో ఉండే ఇనుప రింగు మీద గడువు కూడా కొడతారు, తయారైన మూడేళ్లలోపు వాడేయాలి. మన వైపు వానాకాలం చెమ్మకి వీల్‌ని పట్టి ఉంచే జిగురు దెబ్బతింటుంది. నేను పొడి డబ్బాలో పెడతాను. మూడేళ్ల కిందట మా షాపులో పేరులేని వీల్ ఒకటి పగిలి ముక్క మా పనివాడి మోచేతిలో దిగింది. వీల్‌కి అడ్డుగా ఉండే గార్డు తీసేసి వాడుతున్నాం అప్పుడు. ఇప్పుడు గార్డు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వను.

ఇంకొకటి, కొనే ముందు ఆ మోడల్‌కి కార్బన్లు, ఆర్మేచర్ ఎక్కడ దొరుకుతాయో అడగండి. మీకు పాతపట్నం దగ్గరే కదా, అక్కడ దొరికితే చాలు. వైజాగ్ నుంచి తెప్పించాలంటే వారం పని పోతుంది.

పర్లాకిమిడి గ్రిల్స్ షాపు
అందరికీ నమస్కారం. గార్డు మాట చదివాక లేచి వెళ్లి చూస్తే మా కుర్రాడి గ్రైండర్‌కి లేదు, అటక మీద దొరికితే ఇప్పుడే బిగించాను. రోజంతా నడిచే పనికి కంపెనీదే పై మోడల్ ఒకటి తీసుకుంటాను, పాలిష్‌కి, చిన్న కోతలకి చవకది ఒకటి. పాతపట్నంలో కార్బన్లు రేపు అడుగుతాను.