బొలోన్యాకు కొత్తగా వచ్చాను, ముందు ఏ పని చూసుకోవాలి?

అందరికీ నమస్కారం. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదవడానికి నరసరావుపేట నుంచి వచ్చాను. దిగి ఆరు రోజులైంది. తెలిసిన సీనియర్ ఒకరు నెలాఖరు దాకా తన గదిలో ఉండనిచ్చారు. ఇంటి కోసం నలభై మెయిళ్ళు పంపితే ఒక్కరూ జవాబివ్వలేదు. సూపర్ మార్కెట్లో కొన్న బియ్యం వండితే జావ అయింది. నిన్న రాత్రి కుక్కర్ మీట నొక్కగానే ఇల్లంతా చీకటి. ఇంట్లోవాళ్ళు నావైపు చూసిన చూపు ఇంకా కళ్ళముందే ఉంది. అక్కలు, అన్నలు దారి చూపించగలరు.

జవాబు (బొలోన్యా, అయిదేళ్ళుగా)

తమ్ముడూ, కరెంటు సంగతి ముందు చెబుతాను. ఆ చూపు నాకూ పరిచయమే. ఇక్కడ మామూలు ఇళ్ళకు మూడు కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. బట్టల మిషను, ఓవెన్ నడుస్తుండగా నువ్వు కుక్కర్ పెడితే మీటరు ఊరుకోదు.

మా ఇంటి మీటరు నేలమాళిగలో ఉండేది. మొదటి డిసెంబరులో ఒక రాత్రి ఫోను వెలుగులో దిగి చూస్తే గోడ నిండా ఒకే రకం తెల్ల పెట్టెలు, వాటి మీద సగం చెరిగిన పేర్లు. కింది అంతస్తు ముసలావిడ నడుముకు కట్టుకున్న వంటగుడ్డతోనే వచ్చి, మొహం మీద టార్చి వేసి గట్టిగా ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. భయంతో నోటికొచ్చిన మాట ‘బువొనసేరా’, అంటే శుభ సాయంత్రం. అంతే, ఆవిడ గొంతు మారిపోయింది. మా మీట తనే పైకెత్తి, వేళ్ళు మడుస్తూ చెప్పింది: లావాత్రీచే, ఫోర్నో, ఫోన్. మొదటిది బట్టల మిషను, రెండోది ఓవెన్. మూడోది టెలిఫోను కాదు, జుట్టు ఆరబెట్టే మిషను. ఈ మూడింట్లో ఏ రెండూ ఒకేసారి వద్దని ఆవిడ శాసనం.

ఈ దేశంలో నీ పని ఆ పలకరింపు దగ్గరే మొదలవుతుంది. కొట్లోకి అడుగుపెడుతూ, కౌంటరు దగ్గర నిలబడుతూ ముందు ‘బువొన్ జోర్నో’, అంటే శుభదినం, అనాలి, తర్వాతే అవసరం చెప్పాలి. చావ్ అనే పలకరింపు స్నేహితులకు మాత్రమే, ప్రొఫెసరుతో అనకు. మెయిళ్ళకు జవాబు రాదు, మనిషి వెళితే పని అవుతుంది. మన మండల కార్యాలయంలో కుల ధ్రువపత్రం తెచ్చుకున్న అనుభవం ఉందా? అయితే నీకు సగం ఇటలీ వచ్చినట్లే.

ఇప్పుడు నీకు అన్నిటికన్నా ముఖ్యమైన పని. దేశంలో అడుగుపెట్టిన ఎనిమిది పనిదినాల్లో పెర్మెస్సో ది సోజోర్నోకు, అంటే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. నీకు మిగిలినవి కొద్ది రోజులే. ఇల్లు, బియ్యం ఆగుతాయి, ఇది ఆగదు. ‘స్పోర్తెల్లో అమీకో’ కౌంటరున్న పోస్టాఫీసులో దరఖాస్తు కవరు ఉచితంగా ఇస్తారు. 16 యూరోల రెవెన్యూ స్టాంపు మాత్రం తబక్కెరియా అనే పొగాకు కొట్లో కొనాలి. స్టాంపు, ఫీజు, పోస్టు ఖర్చు కలిపి నాకు 116 యూరోల 46 సెంట్లు అయింది. వాళ్ళిచ్చే రసీదును పాస్‌పోర్టులా దాచుకో. కార్డు రావడానికి నెలలు పట్టవచ్చు, అంతవరకు ఆ చీటీయే నువ్వు. వేలిముద్రలకు క్వెస్తూరా అనే పోలీసు కార్యాలయానికి ఏ రోజు, ఏ గంటకు వెళ్ళాలో కూడా పోస్టాఫీసులోనే చెబుతారు. వీసా గడువు తీరి చేతిలో రసీదు మాత్రమే ఉన్నప్పుడు సంక్రాంతికి ఇంటికి వెళ్ళాలనుకుంటే జర్మనీ, ఫ్రాన్సుల మీదుగా టికెట్టు కొనకు. దుబాయి, దోహా మీదుగా వెళ్ళి నేరుగా ఇటలీలోనే దిగు.

ఇంటికి ఒకటే నియమం: చూడకుండా డబ్బు పంపవద్దు. ఒప్పందం పన్నుల కార్యాలయంలో రిజిస్టరు కావాలి. స్కాలర్‌షిప్పుకు వెళ్ళినా ఆ కాగితమే చూపించమంటారు. కొందరు యజమానులు కాగితం లేకుండా అద్దె తగ్గిస్తామంటారు. దాన్ని ఇక్కడ ‘ఇన్ నేరో’ అంటారు, నలుపులో అని అర్థం. మన చెవికి నేరం అని వినిపిస్తే మంచిదే. నా మొదటి యజమాని అలాంటివాడే, అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. అడగడానికి నా దగ్గర కాగితం ఏదీ?

జవాబు (తురీనో)

అక్క చెప్పినవన్నీ సరే, బియ్యం సంగతి వదిలేశారు. తమ్ముడూ, నువ్వు కొన్నది ఆర్బోరియో అయి ఉంటుంది. రిజొత్తో అనే ముద్దలాంటి అన్నం వంటకం కోసం పండించే రకం, గంజి వదలడమే దాని గుణం, నీ వంటలో తప్పేమీ లేదు. సూపర్ మార్కెట్లో బాస్మతి కొనుక్కో. కందిపప్పు, చింతపండు, పచ్చిమిర్చి కావాలంటే బంగ్లాదేశీయుల కొట్లకు వెళ్ళు. కూరగాయలు వట్టి చేత్తో ముట్టుకోకు, పక్కనే ప్లాస్టిక్ తొడుగులుంటాయి. చాలా చోట్ల నువ్వే తూచి, చీటీ అంటించి తీసుకెళ్ళాలి. నేను మొదటిసారి చీటీ లేని వంకాయలతో బిల్లు దగ్గర నిలబడితే వెనక తొమ్మిదిమంది ఆగిపోయారు.

ఇంకొకటి. విద్యార్థులు ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేరడానికి 2024 నుంచి ఏడాదికి 700 యూరోలు. అది జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క. సెప్టెంబరులో కట్టినా డిసెంబరుకే అయిపోతుంది. డిసెంబరు దాకా ప్రైవేటు బీమాతో సరిపెట్టుకోవడం మేలు.

ఇంటికి ఫోను చేసినప్పుడు ‘పొద్దున్నే బార్‌కి వెళ్ళాను’ అని మాత్రం చెప్పకు. ఇక్కడ బార్ అంటే కాఫీ హోటలని అమ్మకు ఎవరు చెబుతారు? నిలబడి తాగితే చవక, కూర్చుంటే ధర పెరుగుతుంది.

జవాబు (బొలోన్యా, అయిదేళ్ళుగా)

బీమా సంగతి నిజమే, నేను మరిచిపోయాను. బియ్యం కోసం స్టేషను వెనక బొలోన్యీనా పేటకు వెళ్ళు. వర్షమొచ్చినా గొడుగు అక్కర్లేదు, ఈ ఊళ్ళో కప్పున్న వసారాలు 62 కిలోమీటర్లు.

భాష గురించి బెంగపడకు. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, నోటికి పరాయిగా ఉండవు. ఒత్తులు పలకలేక తక్కిన విదేశీయులు తంటాలు పడతారు. ‘నోనో’ అంటే తొమ్మిదోది, ‘నొన్నో’ అంటే తాత. గడికీ గడ్డికీ తేడా తెలిసినవాడివి, నీకేం కష్టం? చాలా పరీక్షలు మౌఖికంగా ఉంటాయి, 30కి 18 వస్తే పాసు. మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్ళీ రాయవచ్చు. ఈ మర్యాద మన కాలేజీల్లో ఎక్కడుంది?

బొలోన్యాకు కొత్త

అక్కా, అన్నా, చాలా సంతోషం. ఈ ఉదయం పోస్టాఫీసుకు వెళ్ళి బువొన్ జోర్నో అన్నాను. కౌంటరులో ఆవిడ నవ్వి, నేను ఖాళీగా వదిలిన రెండు గళ్ళు చూపించి నింపమంది. రసీదు చేతికొచ్చింది. బాస్మతి కూడా కొన్నాను. ఇక్కడి పెరుగు మాత్రం తియ్యగా, పిండిలా ఉంది. పెరుగన్నం ఎలా తింటున్నారు?

జవాబు (బొలోన్యా, అయిదేళ్ళుగా)

చక్కెర లేని తెల్ల యోగర్ట్ చూసి కొనాలి, నీకు దొరికింది వెనీలా అయి ఉంటుంది. మా ఇంట్లో రెండేళ్ళుగా ఆగకుండా తోడుకుంటున్న పెరుగు ఉంది. శనివారం సాయంత్రం అయిదింటికి నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గరికి రా. మూత గట్టిగా పట్టే డబ్బా తెచ్చుకో.