సమస్య: «యతిని విడిచిన పద్యమె యందగించు»

నిర్వాహకులు:
ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యానికి నాలుగో పాదం, మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. విద్యార్థులు ఎక్కువగా చూస్తున్నారు కాబట్టి ముందు గణవిభజన, అంటే పాదాన్ని లఘువు (పొట్టి అక్షరం, I), గురువు (పొడుగు అక్షరం, U) గుంపులుగా విడదీయడం:

యతిని (న) | విడిచిన (నలము) | పద్యమె (భ) | యంద (గలము) | గించు (గలము)

తేటగీతి పాదానికి వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. సూర్యగణాలు రెండే: న (III), గలము (UI, దీన్నే హగణం అంటారు). ఇంద్రగణాలు ఆరు: నలము (IIII), నగము (IIIU), సలము (IIUI), భ (UII), ర (UIU), త (UUI). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం: పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి, ఆ మైత్రే యతి. ఇక్కడ అది «యం». పద్యమె + అందగించు అని విడదీస్తే అక్కడున్నది అకారం. య–అ మైత్రి ఉంది కాబట్టి పాదం నిర్దుష్టం.

చిక్కు అర్థంలో ఉంది. యతి లేని పద్యం పద్యమే కాదంటాం, సమస్యేమో అదే అందం అంటోంది. సమస్యలో అక్షరం మార్చకూడదు. ముందున్న మూడు పాదాలతో దారి చూపాలి.

మంజరి:

విరుల తేనెలు చిందెడు వేళ యిదియె
చెలియ చెక్కిలి వర్ణింపఁ జిత్తగించు
కవికిఁ గాషాయ ధారితోఁ గార్యమేమి?
యతిని విడిచిన పద్యమె యందగించు.

యతి అంటే సన్యాసి కూడా కదా. శృంగారపద్యంలో ఆయనకేం పని?

నిర్వాహకులు:
మంజరి గారూ, శ్లేషను పట్టుకున్నారు. సమస్య చూడగానే తట్టవలసిన మొదటి దారి ఇదే. యతులు వి–వే, చె–జి, క–గా, అన్నీ చెల్లాయి. «వర్ణింపన్» తర్వాత చకారం జకారమైంది, సరళాదేశం (ఇలా పరుషం సరళంగా మారడం) మరచిపోలేదు. సంతోషం.

ఒక్క మాట కుదరలేదు: «చిత్తగించు». పెద్దలు వినడానికో చూడడానికో దయచేసినప్పుడు ఆ మాట వాడతాం. కవి తనంతట తాను పూనుకున్నప్పుడు నప్పదు. «చెలియ చెక్కిలి వర్ణింప సిద్ధపడిన» అంటే సరిపోతుంది. సిద్ధ, పడిన: గలము, న. చె–సి యతి కూడా నిలుస్తుంది, ఎందుకంటే చ ఛ జ ఝ శ ష స ఒక వర్గం.

కొత్తకలం:

గణములెఱుగక వ్రాసిన ఘనుడొకండు
పలికె నీరీతి సభలో భయము లేక
వినుఁడు నవ్వక మీరెల్ల వానిమాట
యతిని విడిచిన పద్యమె యందగించు

తప్పులుంటే చెప్పగలరు.

గోదావరిగట్టు:
ఎత్తుగడ మంచిది. అసంబద్ధమైన మాటను అజ్ఞాని నోట పెట్టడం పాత ఉపాయం, ఎప్పుడూ పనికొస్తుంది. అయితే మరీ సులువు కావడంతో అవధానాల్లో సమస్యలిచ్చే పృచ్ఛకులు దీనికి పెదవి విరుస్తారు.

రెండో పాదంలో గణభంగం. పలికె (న), నీరీతి (త), సభలో: ఇది IIU, అంటే సగణం. ఇంద్రగణాల ఆరింటిలో సగణం లేదు. దాని చివర ఒక లఘువు చేరితేనే సలము (IIUI) అవుతుంది. «సభలో భ» అని లాగి సలము చేద్దామంటే మిగిలేది «యము లేక». అందులో రెండు సూర్యగణాలు పట్టవు, పైగా యతిస్థానం «య» మీదికి జారుతుంది. «సభలోన» అనండి, అన్నీ సర్దుకుంటాయి. «లో» అలవాటుకొద్దీ వచ్చేస్తుంది. తేటగీతిలో కొత్తవాళ్ళు తడబడే చోట్లలో ఇదొకటి.

మూడో పాదంలో యతిభంగం.

కొత్తకలం:
వినుఁడు, వాని: రెండూ వకారాలే కదండీ?

గోదావరిగట్టు:
హల్లు ఒక్కటే చాలదు, దాని మీది అచ్చు కూడా కలవాలి. అచ్చులు మూడు జట్లు:
అ ఆ ఐ ఔ
ఇ ఈ ఎ ఏ ఋ
ఉ ఊ ఒ ఓ
«వి»లో ఇకారం, «వా»లో ఆకారం. జట్లు వేరు. అదే «వి»కి «పే» పెట్టినా చెల్లుతుంది: ప ఫ బ భ వ ఒక వర్గం, ఇ–ఏ ఒక జట్టు. ఇక్కడ అంత దూరం పోనక్కరలేదు. «వినుఁడు నవ్వక మీరెల్ల వెఱ్ఱిమాట» అంటే వి–వె కుదురుతుంది, అర్థమూ పదునెక్కుతుంది.

సీసమాలిక:

లఘువు గురువుల లెక్కలో లాఘవమున
నడచి నాలుగు పాదాల నలువు మీఱి
కాని చోటుల గురులుంచు గణముల నని
యతిని విడిచిన పద్యమె యందగించు

నిర్వాహకులు:
భేష్! మూడో పాదం చివరి «అని» నాలుగో పాదంలోకి దిగి «అనియతిని» అయింది. నియతి అంటే కట్టుబాటు, అనియతి అంటే అది లేకపోవడం. అస్తవ్యస్తాన్ని వదిలిన పద్యమే అందం అన్నారు. సమస్య పూర్తిగా తిరగబడింది.

విద్యార్థులు ఇక్కడ ఆగి చూడండి. తెలుగు పద్యంలో పాదం చివర మాట విరగవచ్చు. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట తెగి ఊపిరి తీసుకోవాలి. మనకు యతి అంటే అక్షరమైత్రి, అంటే వడి. అందుకే మాటను పాదం దాటించే ఈ ఉపాయం తెలుగులో ఇంత హాయిగా సాగుతుంది. సమస్య మొదటి మాట చూడగానే దాని ముందు ఏ అక్షరాలు అతుకుతాయో వేసి చూసుకోండి: ని+యతి, ఆ+యతి, సం+యతి. నియతి అయితే పని జరగదు, కట్టుబాటును విడిచినట్టవుతుంది. ముందు ఇంకో «అ» చేరాకే తాళం తెరుచుకుంది.

గోదావరిగట్టు:
«గురులుంచు» అన్నచోట పంతుళ్ళను కాని చోట్ల కూర్చోబెట్టినట్టు వినిపించింది. దోషం కాదు, నవ్వు వచ్చిందంతే.

తుంగభద్ర:

తేటగీతికిఁ బెద్దల మాట కలదు
ప్రాసయతి వచ్చి కూర్చున్న దోసమేమి?
వడికి బదులుగ నది యుండ నడక చెడదు
యతిని విడిచిన పద్యమె యందగించు

పైమూడు పాదాల్లోనూ వడి మానేసి ప్రాసయతే వేశాను.

నిర్వాహకులు:
చెప్పినదాన్ని చేసి చూపడం ముచ్చటగా ఉంది. తేట–మాట, ప్రాస–దోస, వడి–నడ. ప్రాసయతికి పాదం రెండో అక్షరమూ నాలుగో గణం రెండో అక్షరమూ ఒకే హల్లు కావాలి. వాటి ముందున్నవి రెండూ గురువులో, రెండూ లఘువులో అయి ఉండాలి. «తేట»కు «నటన» పెడితే చెల్లదు. తేటగీతి, ఆటవెలది, సీసాలకు ఈ వెసులుబాటు ఉంది. వృత్తాల్లోనూ కందంలోనూ లేదు. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది: అక్కడ వడే వేయాలి.

అయితే సమస్యకు మీ పూరణ పూర్తిగా లొంగలేదు. «పద్యమె»లో ఎకారం అవధారణ, «అదొక్కటే» అని దాని అర్థం. మీ మూడు పాదాలు «ప్రాసయతి వేసినా తప్పులేదు» అంటున్నాయి. నాలుగోది «వడి విడిచినదే అందం» అంటోంది. రెండింటికీ మధ్య ఒక మెట్టు తక్కువ. సీసమాలిక గారి పూరణలో ఆ ఎకారం బరువు సరిగ్గా నిలిచింది.

తుంగభద్ర:
నిజమే. ఎకారాన్ని పాదపూరణం, అంటే పాదం నింపడానికే వచ్చింది, అనుకుని వదిలేశాను. మూడో పాదం మారుస్తాను.

కొత్తకలం:
సవరించాను:

గణములెఱుగక వ్రాసిన ఘనుడొకండు
పలికె నీరీతి సభలోన భయము లేక
వినుఁడు నవ్వక మీరెల్ల వెఱ్ఱిమాట
యతిని విడిచిన పద్యమె యందగించు

గోదావరిగట్టు:
ఇప్పుడు నిర్దుష్టం. వచ్చేసారి అజ్ఞాని నోరు అరువు తెచ్చుకోకుండా ప్రయత్నించండి.