యేతి అడుగులో ఆ బొటనవేలు ఎలా వచ్చిందో ఎవరైనా చెప్తారా?

అందరికీ నమస్కారం. మా లైబ్రరీలో పిల్లలకు యేతి (హిమాలయాల్లో ఉందని చెప్పుకునే మనిషిలాంటి పెద్ద జంతువు), బిగ్‌ఫుట్ (అమెరికా అడవుల్లో ఉందనే అలాంటిదే) గురించి చెప్పాలని చదువుతున్నాను. ఒక్కచోట ఆగిపోయాను, సాయం కావాలి.

బిగ్‌ఫుట్ సంగతి కొంత తేలికే. 1958లో కాలిఫోర్నియాలో బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనివాళ్లకు 16 అంగుళాల అడుగుజాడలు కనిపిస్తే, వాళ్లలో ఒకడైన జెర్రీ క్రూ ప్లాస్టర్ అచ్చు తీశాడు. 2002లో ఆ రోడ్డు పని కాంట్రాక్టర్ రే వాలెస్ చనిపోయాక, అవి ఆయన చెక్కపాదాలతో వేసినవేనని ఇంట్లోవాళ్లే చెప్పారు.

నన్ను వదలనిది 1951లో హిమాలయాల్లోని మెన్‌లుంగ్ హిమానీనదం మీద బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ తీసిన 'యేతి' అడుగుజాడ ఫొటో. పక్కన కొలతకి మంచుగొడ్డలి, వెడల్పాటి పాదం, ఒకవైపు బాగా లావుగా బొటనవేలు. ఎలుగుబంటి ముందుకాలి జాడ మీదే వెనక్కాలు పడి, ఎండకి అంచులు కరిగితే ఇలా పెద్దదవుతుందంటారు. 2017లో డీఎన్‌ఏ పరీక్ష చేసిన తొమ్మిది 'యేతి' నమూనాల్లో ఎనిమిది ఎలుగులవే, ఒకటి కుక్కది. కాబట్టి ఎలుగే అని నాకూ అనిపిస్తోంది. కానీ ఎలుగుకి పెద్దవేలు బయటివైపు ఉంటుంది, మనకిలా లోపలివైపు కాదు. మరి ఈ ఆకారం ఎలా వచ్చింది?

హిమాలయాల్లో పనిచేసిన సైనికులు, ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు, నల్లమలలో ఎలుగు జాడలు చూసిన అటవీ సిబ్బంది ఉంటే దయచేసి చెప్పండి. రెండు జాడలు కలిసినప్పుడు వేళ్లు ఎలా కనిపిస్తాయి? గోళ్ల గుర్తులు ముందే చెరిగిపోతాయా? ఫొటోలుంటే పెట్టండి, పక్కన స్కేలో పెన్నో ఉన్నవైతే మరీ మంచిది.