పని చేయడానికి లేదు, డబ్బు అడగబుద్ధి కాదు: కె-1 మీద కొత్తగా వచ్చిన చెల్లికి

అడిగిన అమ్మాయి, క్లీవ్‌లాండ్ నుంచి:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. కె-1 వీసా, అంటే అమెరికా సిటిజన్‌ని పెళ్లి చేసుకోవడానికి ఇచ్చే వీసా మీద వచ్చి 12 రోజులైంది. వచ్చే శనివారం పెళ్లి. ఆయన ఇక్కడివాడే, ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపిస్ట్. నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేశాను. ఇంటర్ తర్వాత ఎవర్నీ డబ్బులు అడిగినట్టు గుర్తు లేదు. నిన్న షాంపూ కొనడానికి ఆయన్ని అడగాల్సి వచ్చింది. పాపం ఆయనేమీ అనలేదు, కార్డు చేతికిచ్చేశాడు. నాకే షాపులో ఏడుపొచ్చింది. పాత మేనేజర్ ఫోన్ చేసి, అక్కడి నుంచే రాత్రిపూట పని చేస్తావా, జీతం ఇక్కడి ఖాతాలోనే వేస్తాం అంటున్నారు. మా దూరపు చుట్టం ఒకాయన తన స్టోర్‌లో కౌంటర్ దగ్గర నిలబడితే క్యాష్ ఇస్తానంటున్నాడు. వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఏం చేయమంటారు?

కొలంబస్ నుంచి ఒక అక్క:

చెల్లీ, ముందు పెళ్లి శుభాకాంక్షలు. మాది రాజమండ్రి. నేనూ నీలాగే కె-1 మీద 2019లో వచ్చాను. మా ఆయన ఒహాయోలోనే పుట్టి పెరిగాడు, హైస్కూల్లో సైన్స్ టీచర్. కాబట్టి నీ షాంపూ కథ నాకు తెలుసు. నాది షాంపూ కాదు, పెరుగు.

నువ్వు అడగకపోయినా అన్నింటికంటే తొందరగా చేయాల్సింది ఒకటుంది: సోషల్ సెక్యూరిటీ నంబర్. కె-1 మీద వచ్చినవాళ్లు పెళ్లికి ముందే దానికి అప్లై చేయొచ్చు. ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు, గడువు 90 రోజులే, అందులో కనీసం రెండు వారాలు మిగిలి ఉండగానే ఆఫీసుకి వెళ్లు. ఆ గడువు దాటిందంటే మళ్లీ వర్క్ పర్మిట్ వచ్చేదాకా నంబర్ రాదు. పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో అలాగే తీసుకో, ఆయన ఇంటిపేరు తగిలించుకోవడం తర్వాత చూసుకోవచ్చు. నేను మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, నంబర్‌లో ఒక పేరు పెట్టుకుని ఒక బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మన ఇంటిపేరు ముందుంటుందని, అది కూడా నేనేనని చెప్పేసరికి తాతలు దిగొచ్చారు. ఆ కార్డు మీద, డీహెచ్ఎస్ (ఇమిగ్రేషన్ చూసే శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని రాసి ఉంటుంది. కంగారు పడకు, అందరికీ అలాగే వస్తుంది.

ఇక రెండు ఉద్యోగాల సంగతి. రెండూ వద్దు. చుట్టం స్టోర్‌లో క్యాష్ సరే, అది తప్పని నీకే తెలుసు కాబట్టే ఇక్కడ అడిగావు. పాత కంపెనీ పని మాత్రం చాలామందికి తప్పుగా కనిపించదు. జీతం రూపాయల్లోనే కదా, హైదరాబాద్ ఖాతాలోనే కదా అనుకుంటారు. కానీ పని చేసేది క్లీవ్‌లాండ్‌లో కూర్చుని. లెక్కలోకి వచ్చేది అదే. సిటిజన్ భార్యవైతే ఇలాంటివి చూసీచూడనట్టు వదిలేస్తారని కొంతమంది చెప్తారు, విను, ఊరుకో. గ్రీన్ కార్డుకి వేసే ఐ-485 ఫారంలో అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశావా అని సూటిగా అడుగుతారు. అవునని రాస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. కాదని రాస్తే అది అబద్ధం, చేసిన పని కంటే ఆ అబద్ధమే పెద్ద నేరం. వాట్సాప్‌లో పచ్చళ్లు, సున్నుండలు అమ్మడం, ఆయన పేరు మీద డెలివరీ యాప్ తీసి నువ్వు తిరగడం, ఇవన్నీ కూడా పనే. నేను గోంగూర పచ్చడి దగ్గరదాకా వెళ్లి వెనక్కి వచ్చాను కాబట్టి చెప్తున్నా.

ఫీజుల లెక్క ఇప్పుడే ఇద్దరూ కలిసి చూసుకోండి. నా టైంలో 1,225 డాలర్లు కడితే గ్రీన్ కార్డు అప్లికేషన్, వర్క్ పర్మిట్, ప్రయాణ అనుమతి మూడూ అందులోనే ఉండేవి. 2024 ఏప్రిల్ 1 నుంచి విడగొట్టారు: ఐ-485కి 1,440, దాంతో కలిపి వేస్తే వర్క్ పర్మిట్‌కి 260, ప్రయాణ అనుమతికి 630. మొత్తం 2,330. వేసే ముందు రోజు మళ్లీ ఒకసారి యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ ఆఫీసు) సైట్‌లో చూసుకోండి. 2025 అక్టోబర్ 28 తర్వాత పేపర్ మీద వేసే ఫారాలకి మామూలుగా చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. కార్డుతో అయితే జి-1450, బ్యాంకు ఖాతా నుంచి అయితే జి-1650, ఒక్కో ఫారానికి ఒక్కోటి విడిగా పెట్టాలి. కార్డులో లిమిట్ చాలక తిరస్కరిస్తే కట్ట మొత్తం వెనక్కి పంపేయొచ్చు. ఖర్చు తగ్గుతుంది కదా అని ఆ 630 మాత్రం మిగుల్చుకోకు. దాన్ని అడ్వాన్స్ పెరోల్ అంటారు, పొట్టిగా ఏపీ. అది చేతికి రాకముందు దేశం దాటితే ఐ-485 వదిలేసుకున్నట్టే. మా అమ్మమ్మ పోయినప్పుడు నాకు ఇంకా రాలేదు. ఏపీ రాక ఏపీకి వెళ్లలేకపోయాను. దినకర్మంతా ఫోన్‌లోనే చూశాను, గోదావరి గట్టు మీద ఎవరో ఫోన్ తలకిందులుగా పట్టుకుంటే కాసేపు నీళ్లు పైన, ఆకాశం కింద. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ డబ్బు కట్టేసెయ్.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఆయనతో డబ్బు గురించి ఎలా మాట్లాడాలని నువ్వు అడగలేదు గానీ, నీ ప్రశ్న అదే.

పెళ్లైన మొదటి నెలల్లో మా ఆయన రెండు వారాలకోసారి ఫ్రిజ్ మీద 100 డాలర్లు పెట్టేవాడు, నా ఖర్చులకని. మంచి మనసుతోనే. నేను అందులోంచి 20 డాలర్ల నోటు ఒకటి తీసి పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద పెట్టేదాన్ని. మా అమ్మ అదే చేసేది, వాళ్లమ్మా అదే చేసేది. ఆడదాని చేతిలో నాలుగు డబ్బులుండాలని నాకు పుట్టినప్పటి నుంచీ చెప్పిన మాట. నా పుట్టినరోజుకి పులిహోర చేస్తానని ఈయన యూట్యూబ్ పెట్టుకుని డబ్బా తెరిచాడు. ఏడు నోట్లు, పసుపు అంటుకుని ఒకదానికొకటి అతుక్కుపోయి. నాకైతే నవ్వొచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. పెళ్లాం రహస్యంగా డబ్బు దాస్తోందంటే వాళ్ల లెక్కలో వెళ్లిపోవడానికి సిద్ధమవుతోందని అర్థమట! మన దగ్గర అది సంసారం చేసే లక్షణం. ఆ రాత్రి పులిహోర చల్లారిపోయింది గానీ, మొదటిసారి ఇద్దరం నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాం.

ఆయన రాసినవి: అద్దె, కారు, ఇన్సూరెన్స్, స్టూడెంట్ లోన్ 310. నేను ఒకటే రాశాను: ఇంటికి, 15 వేల రూపాయలు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తమ్ముడి బీటెక్‌కి పంపేదాన్ని, వచ్చాక ఆగిపోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేక లోలోపల నలిగిపోతున్నాను. ఎప్పటిదాకా పంపాలి అని అడిగాడు. ఎప్పటిదాకా ఏమిటి? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. చివరికి, నీకు స్టూడెంట్ లోన్ ఉంది చూడు, నాకు తమ్ముడున్నాడు అన్నాను. కాసేపు ఊరుకుని, సరే అయితే వాడికీ ఆఖరి వాయిదా ఎప్పుడో వేసుకుందాం అన్నాడు. తమ్ముడి ఫైనలియర్ దాకా నెలకి సగం మేం పంపాం, సగం నాన్న అప్పు చేశాడు. ఆయనకది వింతగానే ఉండేది, కానీ నోట్‌బుక్‌లో రాసిన లైను కాబట్టి ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఫ్రిజ్ మీద డబ్బులు ఆ రోజుతో ఆగిపోయాయి. జీతం జాయింట్ ఖాతాలో పడుతుంది, ఇంటి ఖర్చులు అందులోంచే. ఇద్దరికీ చెరో 150 విడిగా, ఎందుకు ఖర్చు పెట్టావని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. పెరుగు కొనడానికి నోరు తెరిచి అడగనక్కర్లేదు. జాయింట్ ఖాతా, అద్దె అగ్రిమెంట్‌లో నీ పేరు, కరెంటు బిల్లు, ఇవన్నీ రేపు ఇంటర్వ్యూలో నిజమైన కాపురమే అనడానికి కాగితాలుగా కూడా పనికొస్తాయి. ఆయన క్రెడిట్ కార్డులో నిన్ను ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చమను, నీ క్రెడిట్ చరిత్ర అక్కడ మొదలవుతుంది. పెళ్లైన 30 రోజుల్లోపే ఆయన ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో నీ పేరు ఎక్కించమను, దాటితే ఏడాది చివర్లో ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగమనొచ్చు.

ఇంకొకటి. ఆయన ఐ-864 మీద సంతకం పెడతాడు. నువ్వు ప్రభుత్వానికి భారం కాకుండా చూసుకుంటానని రాసిచ్చే ఒప్పందం అది. విడాకులైనా రద్దు కాదు. నువ్వు సిటిజన్ అయితేనో, పని లెక్కలో 40 క్వార్టర్లు (దాదాపు పదేళ్ల పని) నిండితేనో, గ్రీన్ కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లిపోతేనో, మరణంతోనో ముగుస్తుంది. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి ఏడాదికి దాదాపు 26,437 డాలర్ల ఆదాయం చూపించాల్సి ఉండేది. మీ ఆయనకి అది సమస్య కాకపోవచ్చు. మా ఆయన అప్పుడే స్కూలు మారడం వల్ల కాగితాలు సరిపోక, వాళ్ల నాన్నని జాయింట్ స్పాన్సర్‌గా పెట్టాల్సి వచ్చింది. టాక్స్ రిటర్న్ ఇవ్వు నాన్నా అని అడగడానికి రెండు వారాలు పట్టింది. వీళ్లకి కన్నతండ్రి జీతం ఎంతో తెలియదు మరి! మా మేనత్త వీడియో కాల్‌లో ఈయన్ని చూసి అడిగిన మొదటి ప్రశ్నే, బాబుకి జీతమెంత అని.

నాకు పర్మిట్ రావడానికి ఐదు నెలల ఇరవై రోజులు పట్టింది. ఆ టైంలో డ్రైవింగ్ నేర్చుకున్నాను, నా డిగ్రీ ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే మూల్యాంకనం చేయించుకున్నాను, లైబ్రరీలో పిల్లలకి కథలు చదివాను. జీతమిచ్చి మనిషిని పెట్టుకునే పని మాత్రం ఉచితంగా చేసినా ఇబ్బందే, అది చూసుకో.

డాలస్ నుంచి ఒక బాబాయ్:

అమ్మాయ్, అక్క అన్నీ చెప్పింది, టాక్స్ తప్ప. డిసెంబర్ 31 నాటికి పెళ్లై ఉంటే ఆ ఏడాదంతా పెళ్లైనట్టే లెక్క. ఇద్దరూ కలిపి రిటర్న్ వేసుకుంటే సాధారణంగా లాభమే, కానీ అలా వేయాలంటే ఈ ఏడాది హైదరాబాద్‌లో తీసుకున్న జీతం కూడా చూపించాలి. అక్కడ కట్టిన టాక్స్‌కి క్రెడిట్ ఉంటుంది, ఫారం 16 జాగ్రత్తగా దాచుకో.

ఇండియాలో ఉన్న నీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలు చెప్పే రిపోర్టు, వేయాలి. ఎఫ్‌డీలు లెక్కే. మీ నాన్నగారితో జాయింట్‌గా ఉన్న ఖాతా కూడా లెక్కే, అందులో నీ డబ్బు ఒక్క రూపాయి లేకపోయినా సరే. అందరూ బోర్లా పడేది ఇక్కడే. మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా) మార్చుకో. మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఉంటే ఆపేసి, అంతర్జాతీయ టాక్స్ తెలిసిన సీపీఏకి (ఇక్కడి లైసెన్సున్న అకౌంటెంట్‌కి) చూపించు. ఇక్కడి టాక్స్‌లో వాటిని చూసే తీరు వేరు, ఫారాల ఖర్చే లాభాన్ని మింగేస్తుంది. ఇవన్నీ మీ ఆయనకి ముందే చెప్పు. కలిపి వేసే రిటర్న్ కింద ఆయన సంతకం కూడా ఉంటుంది.

హ్యూస్టన్ నుంచి ఒక తమ్ముడు:

అక్కా, నేను అవతలి వైపు మనిషిని. మాది నల్గొండ, సిటిజన్‌ని, మా ఆవిడ ఫిలిప్పీన్స్. తను పర్మిట్ కోసం ఎదురుచూసిన ఎనిమిది నెలలు నేను చేసిన తప్పు ఒకటే, బ్యాంక్ యాప్‌లో ఖర్చు పడగానే ఇదేంటి అని అడగడం. కోపంతో కాదు, ఊరికే, తెలుసుకుందామని. తను సబ్బులు, చాక్లెట్లు, డబ్బా పాలు కొని పెద్ద అట్టపెట్టెలో నింపి ఓడలో వాళ్లింటికి పంపేది. బాలిక్‌బాయన్ బాక్స్ అంటారు. ఎందుకు, అక్కడ సబ్బులు దొరకవా అన్నాను ఒకసారి. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత మా అమ్మ ఇండియా నుంచి నాకు కందిపొడి పంపితే, ఇక్కడ కందిపప్పు దొరకదా అంది. అంతే, నోరు మూసుకున్నాను. మీ ఆయనకి ఇది చదివి వినిపించు.

అడిగిన అమ్మాయి:

అక్కా, బాబాయ్, తమ్ముడూ, అందరికీ థాంక్స్. మేనేజర్‌కి కుదరదని మెసేజ్ పెట్టేశాను. చుట్టానికి ఇంకా చెప్పలేదు, అమ్మ చేత చెప్పించాలి, లేకపోతే పెద్ద గొడవ. ఆయనకి పోపుల డబ్బా కథ చెప్పాను, నవ్వి, మనింట్లో అది ఎక్కడుంది అని అడిగాడు. సూట్‌కేసులోంచి ఇంకా బయటకి తీయలేదన్నాను. సోమవారం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్తున్నాం. పాస్‌పోర్ట్, ఐ-94 ప్రింట్ పెట్టుకున్నాను. ఇంకేమైనా కావాలా?

కొలంబస్ అక్క:

పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉంటే అదీ పెట్టుకో. కౌంటర్ దగ్గర ఇంటిపేరు ఏది, పేరు ఏది అని రెండుసార్లు సరిచూసుకుని గానీ లేవకు. వర్క్ పర్మిట్ వచ్చాక దాని మీద గడువు తేదీ చూసుకుని, 180 రోజుల ముందే రెన్యువల్ వేసేయి. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి చాలావరకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు, కార్డు చేతికి రాకపోతే ఉద్యోగం ఆగిపోతుంది. శనివారం పెళ్లి ఫొటోలు పెట్టు. తలంబ్రాలకి బియ్యం, పసుపు దొరక్కపోతే చెప్పు, శుక్రవారం అటు వస్తున్నాం.